యుద్ధం నుంచి వచ్చినవాళ్లు చమురు వెతికే పనిలోకి ఎలా వచ్చారు?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. యుద్ధంలో పనిచేసి వచ్చి, ఆ తర్వాత జీవితమంతా చమురు అన్వేషణలో జియోఫిజిసిస్టుగా (నేల లోపల ఏముందో కొలతలతో తెలుసుకునే శాస్త్రవేత్తగా) గడిపిన ఒకాయన గురించి చదివారు. సైనికుడికీ ఈ శాస్త్రానికీ సంబంధమేమిటన్నది మొదటిది. అక్కడ నేర్చుకున్నది నిజంగా ఇక్కడ పనికొచ్చిందా, లేక దొరికిన ఉద్యోగమని చేరిపోయారా అన్నది రెండోది. ఇప్పుడు సైన్యం నుంచి బయటికొచ్చేవాళ్లు ఇటు రావచ్చా అన్నది మూడోది.

నేను ముప్ఫై నాలుగేళ్లు సీస్మిక్ పార్టీల్లో, అంటే నేలలోకి అల పంపి చమురు వెతికే బృందాల్లో, పనిచేసి రిటైరయ్యాను. మొదటి మూడేళ్లు అలాంటి ఒక మాజీ సైనికుడి కిందే పనిచేశాను. అందుకని కాస్త పెద్ద సమాధానమే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఈ మాట ఎత్తితే చాలామంది ధైర్యం, క్రమశిక్షణ, కష్టాన్ని ఓర్చుకోవడం అంటారు. అవన్నీ కొంత నిజమే కానీ అసలు సంగతి అది కాదు. యుద్ధంలో వాళ్లు చేసిన లెక్కా, చమురు కోసం చేసిన లెక్కా ఒకటే. కనిపించని చోట నుంచి ఒక చప్పుడు వస్తుంది. అది నాలుగైదు చోట్ల వేర్వేరు క్షణాల్లో వినిపిస్తుంది. ఆ తేడాలను బట్టి అవతల ఏముందో చెప్పాలి. యుద్ధంలో అవతల ఉన్నది ఫిరంగి, ఇక్కడ ఉన్నది రాతి పొర. ఇంకో పోలిక కూడా ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కథ మొదటి ప్రపంచ యుద్ధంలో మొదలవుతుంది. ఎక్కడో గుట్ట వెనక దాక్కున్న శత్రువు ఫిరంగి ఎక్కడుందో దాని మోత విని కనిపెట్టాలి. బ్రిటిష్ సైన్యం 1915లో ఈ పనిని లారెన్స్ బ్రాగ్ అనే పాతికేళ్ల కుర్రాడికి అప్పగించింది. అదే ఏడాది తండ్రితో కలిసి ఆయనకు భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. గల్లిపోలి యుద్ధంలో తమ్ముడు పోయిందీ ఆ ఏడాదే. మామూలు మైక్రోఫోన్లతో ఆయన పని సాగలేదు. ఫిరంగి గుండు ధ్వని కంటే వేగంగా వస్తుంది కాబట్టి దాని చెళ్లుమనే శబ్దం ముందు చేరుతుంది. మైక్రోఫోన్ దానికే అదిరిపోతుంది. మనకు కావలసింది ఆ వెనక మెల్లగా వచ్చే ఫిరంగి మోత. అది చాలా మంద్రంగా ఉంటుంది, చెవికి సరిగ్గా ఆనదు కూడా.

దారి ఎక్కడ దొరికిందో తెలుసా? మరుగుదొడ్లో. బ్రాగ్ బస చేసిన ఇంట్లో ఆ గదికి కిటికీ లేదు, తలుపు వేస్తే బయటి గాలి వచ్చే దారి కూర్చునే రంధ్రం ఒక్కటే. దగ్గర్లో ఉన్న ఫిరంగి పేలినప్పుడల్లా కూర్చున్న మనిషిని గాలి కింద నుంచి కొద్దిగా పైకి లేపేదట. చెవికి సరిగ్గా వినపడనిది ఒంటికి తగులుతోందన్నమాట. ఆయన దగ్గరే టక్కర్ అనే ఇంకొకాయన ఉండేవాడు. ఆయన పడుకునే చోట గోడకు చిన్న కంతలుండేవి. ఫిరంగి పేలినప్పుడల్లా వాటిలోంచి చల్లగాలి ముఖానికి కొట్టేది. ఆ గాలిని పట్టడానికి సన్నటి ప్లాటినం తీగను వేడి చేసి ఒక డబ్బా మూతి దగ్గర పెట్టారు. గాలి తగిలి తీగ చల్లారితే కరెంటు మారుతుంది. 1916లో అది పనిచేసింది. గుండు చెళ్లుమన్నా తీగ పట్టించుకోదు, ఫిరంగి మోతకు మాత్రం చల్లారుతుంది.

ఆరు మైక్రోఫోన్లను కొన్ని కిలోమీటర్ల పొడవున వరసగా పెట్టేవాళ్లు. ఇంకా ముందు ఒక మనిషి కందకంలో కూర్చుని, మోత వినగానే మీట నొక్కేవాడు. వెనక రికార్డర్ తిరిగేది. ఫిల్ము మీద ఆరు గీతలు, ఒక్కో గీత మీద ఒక్కో చోట చిన్న వంపు. ఆ వంపుల మధ్య సెకను భాగాల్లో ఉన్న తేడాలను బట్టి మ్యాపు మీద ఫిరంగి ఉన్న చోట చుక్క పెట్టేవాళ్లు.

ఇక్కడే అసలు చిక్కు. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు అనేసి లెక్క వేస్తే చుక్క తప్పుతుంది. గాలి ఎటు వీస్తోంది, ఎంత జోరుగా, చలి ఎంత అన్నదాన్ని బట్టి ఆ వేగం మారుతుంది. అందుకని వాళ్లు తమ లైన్ల వెనక, తెలిసిన చోట మందు పేల్చి, ఆ మోత తమ మైక్రోఫోన్లకు ఎంతసేపట్లో చేరుతోందో కొలిచేవాళ్లు. దాన్నుంచి ఆ పూట గాలికి ఎంత కరెక్షన్ వేయాలో తేల్చేవాళ్లు.

ఆ చివరి వాక్యాన్ని ఇంకోసారి చదవండి. తెలిసిన చోట పేల్చి, అలకు పట్టిన సమయాన్ని బట్టి అది వచ్చిన దారి గురించి తెలుసుకోవడం. సీస్మిక్ సర్వే అంటే ఇంతే! గాలి బదులు నేల, అంతే తేడా.

అటు జర్మన్ల వైపు లుడ్గర్ మింట్రాప్ ఉన్నాడు. గనుల సర్వేయరు. యుద్ధానికి ముందే, 1908లో, గొట్టింగెన్‌లో నాలుగు టన్నుల ఇనుప గుండును 14 మీటర్ల ఎత్తు నుంచి పడేసి, నేల ఎలా అదురుతుందో కొలిచిన మనిషి. యుద్ధంలో ఆయన ఫిరంగి పేలుడుకు నేలలో పుట్టే కంపనాలను పట్టి దూరం లెక్క వేయాలని చూశాడు. కానీ మధ్యలో ఉన్న నేల ఎలాంటిదో తెలియకపోతే దూరం తప్పుతుంది. యుద్ధం అయ్యాక ఆయన లెక్కను తిరగేశాడు. దూరం నాకు తెలుసు, పేల్చేది నేనే. కాబట్టి ఇప్పుడు నేల ఎలాంటిదో చెప్పొచ్చు. 1919 డిసెంబరులో దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు, 1921లో సీస్మోస్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. 1924లో ఆ కంపెనీ బృందం టెక్సాస్ తీరంలో ఆర్చర్డ్ అనే చోట నేల కింద దాగి ఉన్న ఉప్పు గుమ్మటాన్ని కనిపెట్టింది. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి పొరల కంటే ఉప్పులో అల రెట్టింపు వేగంతో పోతుంది. కాబట్టి ఆ దారిన వచ్చిన అల ముందే చేరుతుంది. ఉప్పు గుమ్మటాల పక్కన చమురు చేరుతుంది కనుక కంపెనీలన్నీ ఎగబడ్డాయి.

అమెరికాలో జాన్ కార్చర్‌ది కూడా ఇదే దారి. ఆయన కందకంలో కూర్చున్న సైనికుడు కాదు, యుద్ధకాలంలో ప్రభుత్వ ప్రయోగశాలలో ఫిరంగుల ధ్వని మీదే పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ చరిత్రలో అందరికీ ఒకే రకం యూనిఫాం తొడిగేస్తుంటారు. నేలలోకి పోయిన అల ఒక పొరకు తగిలి తిరిగొస్తుందని, ఆ తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకోవచ్చని ఆయన నమ్మాడు. 1921 జూన్‌లో ఓక్లహోమా సిటీ శివార్లలో పరీక్షించాడు. ఆగస్టులో ఆర్బకిల్ కొండల్లో ఒక రాతి పొర ఎలా వంగిందో గీసి చూపించాడు. శాస్త్రం గెలిచింది, వ్యాపారం మునిగింది. చమురు ధర పడిపోయి, ఈ పని కోసం పెట్టిన చిన్న కంపెనీ మూతపడింది. 1925లో మళ్లీ పెట్టుబడి దొరికింది. 1928 చివర్లో ఓక్లహోమాలో ప్రతిధ్వని పద్ధతితో చూపించిన చోట బావి తవ్వితే చమురు పడింది. 1930లో ఆయన ఇంకొకరితో కలిసి పెట్టిన జియోఫిజికల్ సర్వీస్ కంపెనీయే తర్వాత టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అయింది. మన క్యాలిక్యులేటర్ల మీద కనిపించే పేరు అదే!

ఫ్రాన్సు సంగతి క్లుప్తంగా చెబుతాను. కాన్రాడ్ ష్లంబర్జే యుద్ధంలో ఆర్టిలరీ అధికారి. నేలలోకి కరెంటు పంపి ఖనిజాలు వెతికే పని ఆయన యుద్ధానికి ముందే, 1912లో మొదలుపెట్టాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక తండ్రి ఇచ్చిన డబ్బుతో, తమ్ముడితో కలిసి మళ్లీ అందుకున్నాడు. 1927 సెప్టెంబరు 5న పెషెల్‌బ్రాన్‌లో చమురు బావిలోకి పరికరం దింపి, మీటరుకోసారి ఆపి కొలిచారు. బావి లోతు పొడవునా రాళ్లు కరెంటును ఎంత అడ్డుకుంటాయో నమోదు చేసే ఎలక్ట్రిక్ లాగ్ ప్రపంచంలో మొదటిది అదే. ఆ కొలత తీసిన హెన్రీ డాల్ రెండో యుద్ధంలో అమెరికాలో జీపుకు బిగించే మందుపాతర డిటెక్టరు తయారుచేశాడు. ఆ అనుభవం నుంచే తర్వాత ఇండక్షన్ లాగ్ అనే ఇంకో రకం బావి కొలత వచ్చింది. నేలలో ఇనుము ఉందా అని అడిగే తీగచుట్టనే బావిలోకి దింపి, రాతిలో ఉప్పునీరా చమురా అని అడిగాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇది వరదలా సాగింది. బాంబర్లకు దారి చూపడానికి చేసిన షోరాన్ అనే రేడియో పద్ధతిని తీసుకెళ్లి సముద్రంలో సర్వే పడవల స్థానం కనుక్కోవడానికి వాడారు. విమానాల్లోంచి జలాంతర్గాముల్ని పట్టిన మాగ్నెటోమీటర్లతోనే (అయస్కాంత బలాన్ని కొలిచే పరికరాలు) నేల మీద ఎగురుతూ కింద రాళ్ల మ్యాపులు గీశారు. 1947లో మెక్సికో సింధుశాఖలో, తీరం కనుచూపు మేరలో లేని చోట పడ్డ తొలి చమురు బావికి పక్కన నిలిపింది నౌకాదళం అమ్మేసిన పాత బార్జినే. జర్మన్ రేడియో స్టేషన్లో అమెరికన్ సిగ్నల్స్ అధికారి ఒకాయనకు 1945లో దొరికిన టేప్ రికార్డరు అమెరికా చేరింది. 1950ల్లో ఆ మాగ్నెటిక్ టేపు మా రికార్డింగ్ లారీల్లోకీ వచ్చింది. విమానం ఎటు పోతుందో ముందే ఊహించి ఫిరంగి గురిపెట్టడానికి నార్బర్ట్ వీనర్ రాసిన గణితం ఒకటుంది. దాన్నే 1950ల మొదట్లో ఎమ్‌ఐటీలో ఎండర్స్ రాబిన్సన్ అనే విద్యార్థి సీస్మిక్ రికార్డులకు వాడాడు. మొదట ఆయన చేతికొచ్చినవి ఎనిమిది రికార్డులే. రికార్డులో కలగలిసిన ప్రతిధ్వనులను విడదీసే లెక్క అది. ఇవాళ మనం డీకన్వల్యూషన్ అంటున్నది అక్కడ పుట్టింది.

మనుషులు కూడా అలాగే వచ్చారు. అమెరికా 1944 జూన్‌లో చేసిన జీఐ బిల్లు కింద సైన్యం నుంచి వచ్చినవాళ్లకు ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజులు, నెలనెలా ఖర్చులకు కొంత భత్యం ఇచ్చారు. ఇరవై లక్షలకు పైగా కాలేజీల్లో చేరారు. 1947లో అక్కడి కాలేజీల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే. వాళ్లలో రాడార్, రేడియో పనిచేసినవాళ్లకు భౌతిక శాస్త్రం కొత్త కాదు. అప్పుడే చమురు కంపెనీలకు సీస్మిక్ పార్టీలు నడిపే మనుషులు కావాలి. మీ రెండో ప్రశ్నకు ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. అవును, చాలామంది ఉద్యోగం దొరికిందనే వచ్చారు. టెంట్లలో ఉండటం, ఆర్నెల్లు ఇంటికి దూరంగా ఉండటం, పేలుడు మందు దగ్గర చెయ్యి వణకకపోవడం, మ్యాపు చదవడం వాళ్లకు ముందే వచ్చు. కొందరికైతే ఆఫీసు కుర్చీలో కూర్చోవడం కుదరకే వచ్చారు. అది ఎవరూ దరఖాస్తులో రాయరు, రాత్రిపూట క్యాంపులో చెబుతారు.

ఇప్పుడు మా పార్టీ చీఫ్ గురించి. పేరు చెప్పను, పిల్లలు ఉన్నారు.

1970ల్లో నేను చేరిన బృందం ఈజిప్టు పశ్చిమ ఎడారిలో పనిచేసేది. ఆయనకప్పుడు యాభై దాటింది. 1942లో ఇరవై ఏళ్ల కుర్రాడిగా అదే ఎడారిలో, అల్ అలమైన్ దగ్గర, బ్రిటిష్ సౌండ్ రేంజింగ్ (మోత విని ఫిరంగిని కనిపెట్టే) దళంలో ఉన్నాడు. ఆ ఏడాది అక్టోబరు 23 రాత్రి దాదాపు 900 ఫిరంగులు ఒక్కసారి పేలాయని చరిత్రలో చదువుతాం. ఆ పేల్చడంలో మొదటి వంతు శత్రువు ఫిరంగుల మీదికే. అవి ఎక్కడున్నాయో అంతకుముందు రాత్రుల్లో విని మ్యాపు మీద పెట్టినవాళ్లలో ఈయనొకడు. యుద్ధం అయ్యాక గ్రాంటు మీద భౌతిక శాస్త్రం చదివి, ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఇసుకలోకి జియోఫోన్లు (నేల అదురును పట్టే పరికరాలు) పట్టుకుని వచ్చాడు. ఆ ఎడారి అంటే ఇష్టమా అని అడిగితే, "నాకు బాగా తెలిసిన చోటు" అనేవాడు. ఇష్టమని ఎప్పుడూ అనలేదు.

ఫిరంగుల పక్కన ఉండి ఎడమ చెవి దాదాపు పోయింది. వినడమే వృత్తిగా బతికిన మనిషికి ఒక చెవి వినపడదు! ఆయనతో మాట్లాడాలంటే కుడివైపు వెళ్లాలి. కొత్తవాళ్లకు మేం నేర్పే మొదటి పాఠం అదే. రికార్డు చేసేముందు రేడియోలో "అందరూ ఆగండి" అనగానే లైను పొడవునా మూడు కిలోమీటర్ల దూరం మనుషులు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోవాలి. నడిచినా, లారీ తలుపు వేసినా జియోఫోన్‌కు తెలిసిపోతుంది. మందు పేలే క్షణానికి మేమంతా షాట్ పాయింట్ వైపు చూసేవాళ్లం, ఇసుక చిమ్మడం చూడ్డానికి. ఆయన మాత్రం వాచీ చూసుకునేవాడు. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆయన అటు చూడటం నేను చూడలేదు.

నడక కూడా అంతే. ఆ ప్రాంతంలో యుద్ధకాలపు మందుపాతరలు ఇంకా ఉండేవి. సర్వే లైను వేసేముందు డిటెక్టర్లతో మనుషులు ముందు నడిచి, దారికి అటూ ఇటూ తెల్ల సున్నం రాళ్లు పెట్టేవాళ్లు. ఆ రాళ్ల మధ్య నడవాలి, లేదా లారీ టైర్ల గాడిలో. క్యాంపు ఉన్న చోటు పూర్తిగా శుభ్రం చేసిందే, అయినా ఆయన భోజనాల టెంటుకు వెళ్లేటప్పుడు కూడా టైరు గాడిలోనే నడిచేవాడు. వంకర తిరిగైనా సరే.

నేను చేరిన నాలుగో నెలలో ఒక సెక్షన్ (నేల కింద పొరలను నిలువుగా చూపే బొమ్మ) గీశాను. చూడ్డానికి ఎంత బాగుందో! పొరలన్నీ మధ్యలో పైకి లేచి, 140 మీటర్ల ఎత్తున చక్కటి గుమ్మటం. కుర్ర జియోఫిజిసిస్టు కలలో కూడా అంతకంటే అందమైన మడత రాదు. చమురు చేరడానికి అనువైన చోటని పరిగెత్తుకుంటూ తీసుకెళ్లాను. ఆయన కాగితం కింది భాగంలోని పొరల్ని చూడలేదు. పైన నేల ఎత్తుపల్లాలు చూపించే సన్నగీత మీద వేలు పెట్టాడు. సరిగ్గా నా గుమ్మటం మీద, దాని వెడల్పే ఉన్న ఇసుక దిబ్బ.

"ఇది కింద లేదు అబ్బాయ్, పైన ఉంది. దీని మీంచే మొన్న లారీలో వచ్చాం" అన్నాడు.

జరిగిందేమిటంటే, దిబ్బ ఇసుక వదులుగా ఉంటుంది. దానిలో అల సెకనుకు 600 మీటర్లు పోతే గొప్ప. గట్టి నేలలో 2000 పోతుందనుకుందాం. 40 మీటర్ల దిబ్బ దాటడానికి ఇసుకలో 67 మిల్లీసెకన్లు పడితే, గట్టి నేలలో 20 పడుతుంది. తేడా 47. పేల్చిందీ దిబ్బ మీదే, విన్నదీ దిబ్బ మీదే, కాబట్టి రెండింతలు. అంటే 94. ఆ ఆలస్యాన్ని తీసెయ్యకపోతే కింద పొరలన్నీ గుంటలా కనిపిస్తాయి. అందుకే తీసేస్తాం. మా ఫీల్డువాళ్లు అప్పటికే తీసేసి రికార్డులు పంపారు. అది తెలియక నేను మళ్లీ తీశాను. రెండుసార్లు తీస్తే గుంట పోయి గుట్ట వస్తుంది. సెకనుకు 3000 మీటర్ల లెక్కన ఆ 94 మిల్లీసెకన్లకు సరిగ్గా 140 మీటర్ల గుట్ట. తప్పు కూడా ఎంత కచ్చితంగా చేశానో!

ఆయన అరవలేదు. టీ పోయించి తన కథ చెప్పాడు. అలమైన్‌కు ముందు ఒక రాత్రి షిఫ్టులో, ఆరు గీతలూ శుభ్రంగా ఉన్నాయి, వంపులు చక్కగా కొలిచాడు. గాలి కరెక్షన్ మాత్రం గుర్తు తిప్పి వేశాడు. కలపాల్సింది తీసేశాడు. చుక్క కొన్ని వందల మీటర్లు జరిగింది. తమ గుండ్లన్నీ ఎవరూ లేని లోయలో పడ్డాయి. తెల్లారాక ఆ ఫిరంగి మళ్లీ పేలింది, తమ లారీలు ఆపిన చోటికి. ఎంతమంది అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. "గీతలు అబద్ధం చెప్పలేదు. నేను చెప్పించాను" అన్నాడు.

మొదట్లో తర్వాత చెబుతానన్న రెండో పోలిక ఇదే. యుద్ధం నుంచి వచ్చిన ఆ తరం ఈ వృత్తికి తెచ్చింది ధైర్యం కాదు, భయం. పరికరం చెప్పినదానికీ మనం మ్యాపు మీద పెట్టే చుక్కకూ మధ్య కరెక్షన్ అనే ఒక చిన్న గది ఉంటుంది. మనుషులు చచ్చేది అక్కడేనని వాళ్లకు తెలుసు. మాకు తప్పు చేస్తే ఎండు బావి వస్తుంది, కంపెనీ డబ్బు పోతుంది, అంతే. ఆయన మాత్రం ప్రతి కరెక్షన్‌నూ వేరే మనిషి చేత, మొదటివాడి కాగితం చూడకుండా, మళ్లీ చేయించేవాడు. అప్పట్లో చాదస్తమనుకున్నాం. పని ఆలస్యమవుతోందని పైవాళ్లు గొడవపెట్టారు కూడా. ఆయన నడిపిన లైన్లలో నా దిబ్బలాంటి గుమ్మటం ఒక్కటీ బావి దాకా పోలేదని నేను ఘంటాపథంగా చెప్పగలను.

పక్క దేశం లిబియా ఎడారి కథ ఒకటి ఆయన తరచూ చెప్పేవాడు. అది చరిత్రలో నమోదైనదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 1943 ఏప్రిల్ 4న ‘లేడీ బీ గుడ్’ అనే అమెరికన్ బాంబర్ తొమ్మిది మందితో బెంగాజీ దగ్గర స్థావరం నుంచి ఇటలీ మీదికి వెళ్లి, రాత్రి తిరిగి వస్తూ మాయమైంది. సముద్రంలో పడిందనుకున్నారు. 1958లో చమురు వెతుకుతున్న బ్రిటిష్ బృందానికి విమానంలోంచి అది తీరానికి వందల కిలోమీటర్ల లోపల ఇసుక మీద కనిపించింది. మరుసటి ఏడాది వాళ్ల జియాలజిస్టులు నేల మీద వెళ్లి చూస్తే మెషిన్ గన్లు, రేడియో ఇంకా పనిచేస్తున్నాయి. మనుషులు లేరు. పారాచూట్లతో ముందే దూకేశారు. 1960లో ఐదుగురి అవశేషాలు ఒకేచోట చమురు సర్వే చేసేవాళ్లకే దొరికాయి. పక్కన కో-పైలట్ డైరీ. దూకినప్పుడే పోయిన ఒకరు కాక, మిగతా ఎనిమిది మంది ఒక్క సీసా నీళ్లతో రోజుల తరబడి ఉత్తరానికి నడిచారు, సముద్రం దగ్గర్లోనే ఉందనుకుని.

ఎందుకలా జరిగిందన్నదానికి తర్వాత ఎక్కువమంది చెప్పిన కారణం దిక్కులు చూపే రేడియో. స్థావరం ఆ గీత మీదే ఉందని అది చెప్పగలదు కానీ, ముందుందా వెనకుందా అన్నది చెప్పలేదు. స్థావరాన్ని ఎప్పుడో దాటేసినా, ఇంకా ముందే ఉందనుకుని దక్షిణానికి ఎగురుతూ పోయారు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా చీఫ్ ఎండకు వాలిపోతూ వింటున్న మా వైపు చూసి, "రేడియో సరిగ్గానే చెప్పింది" అని ఆగేవాడు. మిగతాది మేమే అనుకోవాలి.

జీవితం ఎలా ఉండేదని మీరు సూటిగా అడగలేదు కానీ, ఒక మాట చెబుతాను. సాహసకథలా ఏమీ ఉండదు. ఏడాదిలో ఎనిమిది నెలలు క్యాంపు, పిల్లల పుట్టినరోజులు ఉత్తరాల్లో, ఇంటికెళ్తే రెండోవారం నుంచే ఏం చేయాలో తోచకపోవడం. మా చీఫ్ భార్య ఆయన్ని వదిలి వెళ్లలేదు, ఆయనతో ఉండనూ లేదు. ఆ తరంలో చాలా ఇళ్లు అలాగే నడిచాయి. రాత్రిపూట కేకలు వేసేవాళ్లు ఒకరిద్దరు ప్రతి క్యాంపులో ఉండేవాళ్లు. వాళ్ల టెంటు చివర్లో వేసేవాళ్లం. ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్లు కాదు. ఇప్పుడైతే డాక్టరు దగ్గరికి పంపుతారు, అది మంచిదే.

మీ మూడో ప్రశ్నకు చిన్న సమాధానం. రావచ్చు. కానీ జియోఫిజిసిస్టు అనిపించుకోవాలంటే డిగ్రీ తప్పదు. భౌతిక శాస్త్రం, గణితం ఉండాలి, ఇప్పుడు ప్రోగ్రామింగ్ కూడా. అది కుదరకపోతే సర్వే, పేలుడు పదార్థాల భద్రత, రికార్డింగ్ సాంకేతిక పనులు, క్యాంపు నిర్వహణ ఉన్నాయి. సర్వే, సిగ్నల్స్, ఇంజనీర్ల దళాల్లో చేసినవాళ్లకు వాటిలో చోటు దొరుకుతుంది. నేలలో పేలకుండా మిగిలిన బాంబులను మాగ్నెటోమీటర్లతో వెతికే పని కూడా ఉంది. అది మా శాస్త్రం తిరిగి యుద్ధం దగ్గరికి వెళ్లడమే. చమురు ధర పడితే మొదట ఆపేది అన్వేషణే కాబట్టి ఉద్యోగం ఊగుతూనే ఉంటుంది. 1921లో కార్చర్‌కు జరిగిందే ఇప్పటికీ జరుగుతోంది. కుటుంబం ఉంటే ఆ టెన్షన్‌ను లెక్కలో వేసుకుని రండి.

మా చీఫ్ ప్రతి రికార్డు తల మీద గాలి ఎటు వీస్తోందో రాసేవాడు. గాలి జోరుగా ఉంటే జియోఫోన్లలో రొద వస్తుంది కనుక ఎంత ఉందో రాయడం మామూలే, దిక్కు మాకెందుకూ అక్కర్లేదు. నేను కూడా రిటైరయ్యేదాకా రాశాను. ఫారాలు పోయి అంతా కంప్యూటర్లోకి వచ్చాక కూడా వ్యాఖ్యల గడిలో రాసేవాణ్ని. చివరి ఏడాది ఒక కుర్రాడు దాన్ని చూసి, "సార్, ఈ వాయవ్యం ఏమిటి, ప్రాసెసింగులో దీన్నెక్కడ వాడాలి?" అని అడిగాడు. ఎక్కడా వాడక్కర్లేదని చెప్పి, ఇసుక దిబ్బ సెక్షన్ ఇంకా నా దగ్గరుంటే తీసి చూపించాను.